సక్కర్ చేప: అద్దాల తొట్టిలో రెండంగుళాలు, మీ చెరువులో అడుగున్నర

చెరువు పట్టుబడి రోజు తెల్లవారుజామున లాగుడు వల గట్టుకు చేరుతుంది. బొచ్చె, శీలావతి ఎగిరి పడుతుంటే వాటి మధ్య నల్లగా, గరుగ్గా, ఒళ్లంతా పెంకు కట్టినట్టున్న చేపలు నాలుగైదు కనిపిస్తాయి. వలలో ముళ్లు ఇరుక్కుని అవి ఒక పట్టాన రావు. విసుగొచ్చిన కూలీ వాటిని పీకి గట్టు మీదికో, పక్క కాలువలోకో విసిరేస్తాడు. కొనేవాళ్లు లేరు, తినేవాళ్లు లేరు కాబట్టి ఆ సంగతి అంతటితో మర్చిపోతాం.

మర్చిపోకూడని సంగతి అదే. మన ప్రాంతంలో సక్కర్ చేప అనీ, దెయ్యం చేప అనీ పిలుస్తున్న ఈ చేప చాలాచోట్ల వ్యాపించడానికి కారణం దాని బలం ఒక్కటే కాదు. అది ఎంత వేగంగా పెరుగుతుందో, ఏ సైజులో పిల్లలు పెడుతుందో మనకు లెక్క లేకపోవడం కూడా. ఆ లెక్క తెలిస్తే ఎప్పుడు, ఎక్కడ దాన్ని ఆపాలో మీకే అర్థమవుతుంది.

ఈ చేప ఎక్కడిది?

సక్కర్ చేప సొంత ఊరు దక్షిణ అమెరికా. అమెజాన్, ఒరినోకో నదీ ప్రాంతాల్లో పుట్టి పెరిగే చేప ఇది. శాస్త్రవేత్తలు ఈ జాతిని టెరిగోప్లిక్తిస్ అంటారు. ఇళ్లలో, దుకాణాల్లో అద్దాల తొట్టెల గోడలకు పట్టే నాచును నాకి శుభ్రం చేస్తుందని అక్వేరియం వ్యాపారంలో దీన్ని ప్రపంచమంతా తిప్పారు. ‘ట్యాంక్ క్లీనర్’ పేరుతో మన పట్టణాల్లోని రంగు చేపల దుకాణాల్లోనూ అమ్ముతారు.

గుర్తుపట్టడం కష్టం కాదు.

- నోరు తల కింద భాగంలో గుండ్రంగా, జలగ నోరులా అతుక్కునేలా ఉంటుంది.
- పొట్ట చదునుగా ఉంటుంది. వీపు, పక్కలు గట్టి ఎముక పలకలతో వరసలుగా కప్పి ఉంటాయి. మన చేపలకుండే పొలుసులు దీనికి ఉండవు.
- వీపు మీది రెక్క పడవ తెరచాపలా పెద్దగా లేస్తుంది.
- గోధుమ, నలుపు రంగుల్లో చిరుత మచ్చల్లాంటి చుక్కలో, వంకర గీతలో ఉంటాయి.
- రెక్కల ముందు ముల్లు గట్టిగా, రంపంలా ఉంటుంది.

మన జెల్లలకు, వాలుగకు, మార్పుకు ఒళ్లు నున్నగా ఉంటుంది, పొడవాటి మీసాలుంటాయి. వాటిని సక్కర్ చేపలనుకుని చంపకండి.

ఎంత వేగంగా పెరుగుతుంది?

దుకాణంలో కొన్నప్పుడు రెండు మూడు అంగుళాలు ఉంటుంది. అద్దాల తొట్టిలో చోటు చాలదు, నీరు త్వరగా పాడవుతుంది, మేత తక్కువ. అందుకే అక్కడ మెల్లగా పెరుగుతుంది. ‘ఇది చిన్న చేపే కదా’ అనే అభిప్రాయం అక్కడే పుడుతుంది. అదే పిల్లను ఎకరా చెరువులో వదిలితే కథ వేరు. చెరువు అడుగున కుళ్లే పదార్థం, గట్టు రాళ్ల మీద నాచు, కింద పడ్డ తవుడు, చెక్క, ఏడాది పొడవునా వెచ్చటి నీరు, అన్నీ దానికి అనుకూలమే. చలి దీనికి పడదు. మన డెల్టాలో ఆ చలి రాదు.

విదేశీ జలాల్లో చేసిన పరిశీలనల ప్రకారం దీని పెరుగుదల మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. రెండేళ్లు నిండేసరికి చాలా చేపలు 30 సెంటీమీటర్లు, అంటే అడుగు దాటుతాయి. ఆ తర్వాత వేగం తగ్గుతుంది కానీ పెరగడం ఆగదు. పెద్దవి సాధారణంగా 30 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి. అంతకు మించినవీ దొరికాయి. పదేళ్లకు పైగా బతుకుతాయి.

ఇక అసలు అంకె. సుమారు 25 సెంటీమీటర్ల సైజుకే, అంటే అడుగు కూడా నిండకముందే, ఇవి గుడ్లకు వస్తాయి. ఒక్కో ఆడచేప సైజును బట్టి 500 నుంచి 3,000 దాకా గుడ్లు పెడుతుంది. వెచ్చని నెలల్లో ఒకటి కంటే ఎక్కువ సార్లు పెట్టగలదు. గుడ్లను నీటిలో వదిలేయదు. గట్టులో బొరియ తవ్వి అందులో పెడుతుంది. పిల్లలు ఈది బయటికి వచ్చేదాకా మగచేప కాపలా కాస్తుంది. అందువల్ల గుడ్లను మిగతా చేపలు తినే అవకాశం బాగా తక్కువ.

ఇప్పుడు ఈ రెండు అంకెలను కలిపి చూడండి. మీ వలలో అడుగు పొడవు సక్కర్ చేప పడిందంటే అది నిన్నో మొన్నో వచ్చింది కాదు. సుమారు రెండేళ్లుగా మీ చెరువులోనో, మీకు నీరొచ్చే కాలువలోనో పెరిగింది. ఇప్పటికే ఒకసారి పిల్లలు పెట్టి ఉండొచ్చు. అంటే అది రెండేళ్ల కిందటి పొరపాటు. ఈ ఏడాది పొరపాటు ఇంకా వేలెడు సైజులో, వల కళ్లలోంచి జారిపోతూ చెరువులోనే ఉంది.

బొచ్చె కంటే మెల్లగా పెరుగుతుంది, అయినా గెలుస్తుంది

చేపల రైతుగా మీకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. సరిగ్గా మేపితే బొచ్చె ఏడాదికే కిలో దాటుతుంది. శీలావతి కూడా కిలో దరిదాపుల్లోకి వస్తుంది. అడుగు సక్కర్ చేప బరువు అర కిలో కూడా ఉండదు, అందులోనూ చాలా భాగం పెంకే. మరి దీన్ని వేగంగా పెరిగే చేప అని ఎలా అంటాం?

నిజమే, కిలోల లెక్కన చూస్తే ఇది మన కార్పు చేపలతో పోటీ పడలేదు. అయినా చెరువు దాని చేతికి ఎలా వెళ్తుందో చూడండి.

మొదటిది, దీన్ని తినే శత్రువు లేదు. పిల్ల దశలో కొర్రమీను, కొంగ, నీటికాకి తినగలవు. జానెడు దాటాక పెంకు గట్టిపడుతుంది, రెక్కల ముళ్లు నిలబడతాయి. ఇక దాన్ని మింగడం ఎవరి వల్లా కాదు. ప్యూర్టోరికోలో పెలికాన్ పక్షులు ఈ చేపలను మింగబోయి, ముళ్లు గొంతులో ఇరుక్కుని చనిపోయిన ఘటనలు నమోదయ్యాయి. మన కైకలూరు దగ్గర ఆటపాకలో గూడుకట్టుకునే గూడబాతులు కూడా పెలికాన్ జాతివే. ఆ దృష్టితో చూస్తే ఇది ఒక్క చేపల రైతు సమస్య కాదు.

రెండోది, బొచ్చె, శీలావతి పది పన్నెండు నెలల్లో పట్టుబడికి వస్తాయి, లారీ ఎక్కుతాయి. సక్కర్ చేపను ఎవరూ పట్టరు, పట్టినా మళ్లీ నీటిలోకే విసురుతారు. మీరు ఏటా మంచి చేపను చెరువులోంచి తీసేస్తూ, పనికిరాని చేపను మాత్రం విత్తనానికి వదిలేస్తున్నట్టే. మూడు నాలుగు పంటలు ఇలా జరిగితే చెరువు ఎవరిదవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మూడోది, నీరు పాడైతే మన చేపలు చస్తాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినప్పుడు శీలావతి నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంది. సక్కర్ చేప గాలి మింగి పొట్ట ద్వారా ఊపిరి తీసుకోగలదు. ఒళ్లు తడిగా ఉంటే నీటి బయట కూడా 20 గంటలకు పైగా బతుకుతుంది. గట్టు మీద పడేసిన చేప రాత్రి వాన పడితే మళ్లీ నీటిలోకి జారుకోవడం అందుకే సాధ్యం.

మీ జేబుకు నష్టం ఎక్కడ?

*మేతలో:* ఇది వేటాడే చేప కాదు. మీ బొచ్చె పిల్లలను వెంటాడి తినదు. అడుగున ఉన్నదంతా నాకుతుంది. సంచుల్లోంచి జారి కింద పడ్డ తవుడు, చెక్క దీనికి విందు. అడుగున మేసే మోసు, బంగారు తీగలకు రావాల్సిన మేతను ఇది తింటుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ. ఎకరా చెరువులో 400 గ్రాముల సక్కర్ చేపలు 200 ఉన్నాయనుకుందాం. మొత్తం 80 కిలోల బరువు. రోజుకు ఒంటి బరువులో 2 శాతం తింటే 1.6 కిలోలు. అందులో సగం నాచు, బురద నుంచి వచ్చినా మిగతా 800 గ్రాములు మీ మేత. 300 రోజులకు 240 కిలోలు. మీ ఊరి తవుడు ధరతో గుణించి చూడండి. పైగా ఆ మేరకు మీ చేప పెరగలేదు, అది రెండో నష్టం.

*వలలో:* రంపపు ముళ్లు వలలో చిక్కుకుంటే కోసి తీయాల్సిందే. పట్టుబడి ఆలస్యమవుతుంది, వల చిరుగుతుంది, విడిపించేటప్పుడు చేతులు గీరుకుపోతాయి. వలలో రాసుకుని మంచి చేప ఒంటికి గాట్లు పడితే కాటా దగ్గర ధర తగ్గుతుంది.

*గట్టులో:* ఇది చాలామంది పట్టించుకోని, కానీ ఒక్క దెబ్బలో పెద్ద నష్టం తెచ్చేది. గుడ్లు పెట్టడానికి ఇవి తవ్వే బొరియలు గట్టులోకి 120 నుంచి 150 సెంటీమీటర్ల దాకా, అంటే నాలుగైదు అడుగులు వెళ్తాయి. నిటారుగా ఉన్న బంకమట్టి గట్టంటే ఇష్టం. ఒకే చోట గుంపుగా తవ్వుతాయి. లోపలి నుంచి ఇవి, బయటి నుంచి ఎలుకలు, పీతలు తవ్వితే గట్టు మందం ఎంత మిగులుతుంది? ఎండాకాలంలో గట్టు గట్టిగానే కనబడుతుంది. తుపాను వానకు నీటిమట్టం పెరిగిన రాత్రి అక్కడే ఊట మొదలై గండి పడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా, టెక్సస్‌లలో కాలువ ఒడ్డులు ఈ బొరియల వల్ల కోతకు గురైనట్టు నమోదైంది.

సమస్య ఎక్కడిదాకా వచ్చింది?

ఇది మన ఒక్కరి కష్టం కాదు. మెక్సికోలో తిలాపియా చేపకు పేరుపడ్డ ఇన్‌ఫియర్నియో జలాశయంలో ఈ చేప చేరాక వలల్లో పడేదాంట్లో పెద్ద వాటా ఇదే అయిపోయింది. దానిపై బతికే మత్స్యకార కుటుంబాలు దెబ్బతిన్నాయి. అక్కడా దాని పేరు దెయ్యం చేపే. ఫిలిప్పీన్స్‌లో లగునా సరస్సులో, మరికినా నదిలో నిండిపోయింది. బంగ్లాదేశ్ 2023లో దీని దిగుమతి, పెంపకం, అమ్మకాలను నిషేధించింది. మన దేశంలో కేరళ, తమిళనాడు, బిహార్, పశ్చిమ బెంగాల్ జలాల్లో కనబడింది. మురుగునీటితో చేపలు పెంచే తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల రైతులు కూడా దీనితో తంటాలు పడుతున్నారు.

మన దగ్గర కృష్ణా, గోదావరి డెల్టాల చెరువుల్లో, మురుగు కాలువల్లో కొన్నేళ్లుగా ఇది వలలకు చిక్కుతోంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లను పరీక్షించి దీని ఉనికిని కనిపెట్టే పద్ధతిని తయారుచేశారు. తూర్పు కనుమల ప్రాంతంలో సుమారు 60 శాతం నీటి వనరులకు ఇది పాకిందని 2024లో వెల్లడైన వారి పరిశోధన చెప్పింది. చేప కంటికి కనబడకముందే నీటిని బట్టి తెలుసుకోవచ్చన్నది ఇందులో మంచి కబురు. చాలాచోట్ల అది ఇప్పటికే ఉందన్నది చెడ్డ కబురు.

ఎలా పాకింది? ఇంట్లో తొట్టి పట్టనంత పెరిగాక చంపలేక దగ్గరి చెరువులో వదిలేసేవాళ్లు ఒక దారి. చేప పిల్లలతో కలిసి రావడం రెండో దారి. వరద మూడో దారి. 2018లో కేరళ వరదల తర్వాత పెంపకంలో ఉన్న విదేశీ చేపలు నదుల్లో దొరికాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మనమూ చూశాం, ఏది చెరువో ఏది కాలువో తెలియలేదు. ఆ బుడమేరు నీరు చేరేది కొల్లేరుకే. ఇలాంటి ప్రతి వరదా ఒక చెరువులోని చేపను పది చెరువులకు పంచుతుంది.

నిషేధం పెడితే సరిపోతుందా? ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000 సంవత్సరంలోనే నిషేధించింది. ఇప్పటికీ దాన్ని దొంగచాటుగా పెంచుతూ పట్టుబడుతున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. చట్టం అవసరమే. కానీ చెరువు గట్టున పని చేయాల్సింది మనమే.

కొన్ని అపోహలు

*‘నాచు తిని చెరువును శుభ్రం చేస్తుంది కదా, ఉంటే మంచిదే’:* చెరువు నీటిలో పచ్చగా ఉండేది కంటికి కనబడని సన్నటి నాచు. దాన్ని ఇది తినలేదు, రాయికీ కర్రకూ పట్టిన నాచునే గీకుతుంది. పైగా అడుగు బురద కదిపి నీటిని మడ్డిగా చేస్తుంది. నీటిలో తేలే నాచును అదుపులో ఉంచడానికి వెండి చేప, గడ్డికి గడ్డి చేప ఉన్నాయి. వాటికి ధర కూడా వస్తుంది.

*‘ఇది విషపు చేప’:* కాదు. అమెజాన్ ప్రాంతంలో దీన్ని తింటారు. కానీ మాంసం తక్కువ. మురుగునీటిలో పెరిగిన చేప ఒంట్లో భారలోహాలు చేరే ప్రమాదం ఉంది కాబట్టి మురుగు కాలువల్లో పట్టిన వాటిని తినవద్దు, కోళ్లకూ పెట్టవద్దు.

*‘గట్టు మీద వేస్తే చస్తుంది’:* చాలాసార్లు చావదు. పైన చెప్పిన 20 గంటల లెక్క గుర్తుంచుకోండి.

మీరు చేయాల్సినవి

దీని పెరుగుదల లెక్కను బట్టి చేతికి చిక్కే సమయాలు నాలుగు. పిల్ల దిగేటప్పుడు, నీరు పెట్టేటప్పుడు, పట్టుబడి రోజు, చెరువు ఎండినప్పుడు.

*1. చేప పిల్లలు దించుకునేటప్పుడు*

- సగం సమస్య ఇక్కడే ఆగుతుంది. పిల్లలను నేరుగా వాహనం నుంచి చెరువులోకి పోయించుకోకండి. ముందు హాపాలోకి గానీ, పెద్ద టబ్బులోకి గానీ దించండి.
- కార్పు పిల్లలు నీటిలో తిరుగుతుంటాయి. సక్కర్ పిల్లలు గోడకో అడుక్కో అతుక్కుంటాయి. పిల్లలను తీసేశాక టబ్బు, హాపా గోడలను చేత్తో తడిమి చూడండి. నల్లగా, గరుగ్గా అతుక్కున్నది కనబడితే అదే.
- ఒక్కటి దొరికినా ఆ లోడు మొత్తాన్ని జల్లెడ పట్టండి, అమ్మినవాళ్లకు చెప్పండి. మళ్లీ కొనేటప్పుడు ఈ షరతు ముందే పెట్టుకోండి.

*2. నీరు పెట్టేటప్పుడు*

- ఈ చేప గుడ్లు బొరియలో ఉంటాయి, నీటిలో కొట్టుకురావు. వచ్చేది ఈదే పిల్లే. కాబట్టి తూము దగ్గర, మోటారు గొట్టం చివర సన్న కళ్ల వల సంచి రెండు పొరలుగా కడితే చాలా వరకు ఆగుతుంది.
- వల సంచిని వారానికోసారి విప్పి చూడండి. అందులో ఏం పడిందో చూస్తే మీ కాలువ సంగతి తెలుస్తుంది.
- వానాకాలానికి ముందే గట్టు పల్లంగా ఉన్న చోట్ల ఎత్తు పెంచి, చుట్టూ వల కట్టండి.

*3. పట్టుబడి రోజు*

- ఒక్క సక్కర్ చేపనూ వెనక్కి వదలకూడదని ముఠా మేస్త్రీకి ముందే చెప్పండి. లెక్కపెట్టి రాసుకోండి. ఈ ఏడాది 20, వచ్చే ఏడాది 60 అయితే సమస్య ఎటు వెళ్తోందో ఆ కాగితమే చెబుతుంది.
- సైజు కూడా చూడండి. అన్నీ అడుగువే అయితే బయటి నుంచి వచ్చినవి కావచ్చు. జానెడువి, వేలెడువి కూడా ఉంటే మీ చెరువులోనే పిల్లలు పెడుతున్నట్టు.
- తడి గోనె సంచితో పట్టుకుంటే ముళ్లు గుచ్చుకోవు.
- పట్టిన వెంటనే తలపై గట్టి దెబ్బతో చంపేయండి. ఎండలో గంటల తరబడి కొట్టుకునేలా వదలడం దానికీ హింసే, మనకూ ప్రమాదమే. కాలువకు దూరంగా మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి. కొబ్బరి చెట్ల మధ్య పూడిస్తే ఎరువుగానూ పనికొస్తుంది.

*4. చెరువు ఎండగట్టేటప్పుడు*

- రెండేళ్లకోసారైనా చెరువును పూర్తిగా ఎండగట్టండి. ఈ చేప గుడ్ల వయసుకు రావడానికి పట్టే కాలం అంతే కాబట్టి అంతకంటే ఎక్కువ ఆలస్యం వద్దు.
- నీరు తీశాక గట్టు చుట్టూ నడవండి. లోపలివైపు అరచేయి వెడల్పు బొరియలు వెతకండి. తడి ఉన్నంతకాలం చేప అందులో బతికే ఉంటుంది. తవ్వి తీసి, బంకమట్టితో కూరి దిమ్మిస కొట్టండి.
- నిటారుగా ఉన్న లోపలి గట్టును వాలుగా చేయండి. వాలు గట్టులో ఇవి తవ్వడం తక్కువ. పైన గడ్డి పెంచండి.
- నీరు పూర్తిగా లాగలేని గుంటలుంటే ఇప్ప చెక్క వాడొచ్చు. మీటరు లోతు నీరున్న ఎకరాకు మోతాదు 1,000 కిలోలు. ముందు నీరు తగ్గించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. 20 సెంట్ల గుంటలో 15 సెంటీమీటర్ల నీరే ఉంటే 30 కిలోలు చాలు. విషప్రభావం పోవడానికి మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ నీటిని బయటికి వదలకూడదు, పిల్ల వేయకూడదు.
- పొలాలకు కొట్టే పురుగు మందులు నీటిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి. మీ చెరువు మట్టి, పక్కవాళ్ల నీరు రెండూ పాడవుతాయి. ఇప్ప చెక్క వాడే ముందు కూడా మత్స్యశాఖ వాళ్లను ఒకసారి సంప్రదించండి.

ఎండని చెరువులైతే?

తెలంగాణలోని ఊరి చెరువులు, ప్రాజెక్టుల వెనుక జలాలు సొంత చెరువుల్లాంటివి కావు. వాటిని ఎండగట్టే అధికారం మన చేతిలో ఉండదు. అక్కడ దాన్ని పూర్తిగా తీసేయడం దాదాపు అసాధ్యం, అదుపులో పెట్టడమే మార్గం. మత్స్య సహకార సంఘంలో రెండు తీర్మానాలు చేసుకోండి. వలలో పడ్డ సక్కర్ చేపను సభ్యులెవరూ తిరిగి నీటిలో వదలకూడదు. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేప పిల్లలైనా, సంఘం సొంతంగా కొన్నవైనా, వదిలే ముందు పైన చెప్పిన టబ్బు పరీక్ష చేయాలి. వేసవిలో నీరు అడుగంటినప్పుడు ఒడ్డు వెంట బొరియలు బయటపడతాయి. సభ్యులంతా కలిసి రెండు రోజులు వాటి మీద పడితే ఆ ఏడాది గుడ్లు పెట్టే చేపలు చాలా వరకు తగ్గుతాయి.

డెల్టాలో కూడా ఒక్కరే చేస్తే చాలదు. ఒకే కాలువ మీద ఉన్న పది చెరువుల్లో తొమ్మిది శుభ్రంగా ఉండి, పదో రైతు పట్టిన చేపను కాలువలో వేస్తే తొమ్మిది మంది శ్రమా వృథా. కాలువ వెంట ఉన్న రైతులు పంటకు ముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

రంగు చేపలు పెంచాలనుకునేవాళ్లకు

పెరట్లో రంగు చేపల పెంపకం చిన్న రైతు కుటుంబానికి, ముఖ్యంగా ఆడవాళ్లకు మంచి పక్క ఆదాయం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పెరటి యూనిట్ వ్యయం 3 లక్షల రూపాయలుగా పెట్టి, సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ నిర్ణయించారు. ఈ ఏడాది అవకాశం ఎలా ఉందో మత్స్యశాఖలో అడగండి. గప్పీ, మోలీ, ప్లాటీలాంటి వాటితో మొదలుపెట్టండి. సక్కర్ చేపను మాత్రం పెంపకంలో పెట్టకండి.

నాచు తినే చేప కావాలని కొనేవాళ్లు అడిగితే అన్నీ ఒకేలా పెరగవని చెప్పండి. ఒటోసింక్లస్ రెండంగుళాలు కూడా దాటదు. బ్రిసిల్‌నోస్ అయిదారు అంగుళాల దగ్గర ఆగుతుంది. అయితే అవి కూడా విదేశీ చేపలే కాబట్టి తొట్టిలోనే ఉండాలి. ఇప్పటికే ఇంట్లో సక్కర్ చేప పెద్దదై ఉంటే చెరువులో వదలకుండా దుకాణానికి తిరిగి ఇవ్వమని మీ పిల్లలకు, బంధువులకు చెప్పండి. ‘పాపం, వదిలేద్దాం’ అనుకున్న ఒక్క చేప ఖరీదు ఊరంతా కట్టాల్సి వస్తుంది.

చివరిగా

పట్టుబడిలో కనబడే పెద్ద చేపను చూసి భయపడినా, కోపం తెచ్చుకున్నా లాభం లేదు. అది ఎప్పుడో వచ్చింది, దాన్ని ఈ రోజు చంపి పూడ్చండి. మీ ధ్యాసంతా టబ్బు గోడకు అతుక్కున్న రెండంగుళాల పిల్ల మీద, నీళ్లు తీశాక గట్టులో కనబడే బొరియ మీద ఉండాలి. ఆ రెంటినీ ప్రతి పంటలో వెతికిన రైతు చెరువులో ఈ చేపకు రెండేళ్ల గడువు దొరకదు. గడువు దొరకకపోతే అది గుడ్లకు రాదు.

మీ చెరువులో ఈ చేప కనబడితే ఫొటో తీసి, ఎన్ని దొరికాయో, ఏ సైజువో రాసుకుని ఆంధ్రప్రదేశ్‌లోనైతే రైతు సేవా కేంద్రంలోని మత్స్య సహాయకులకు, తెలంగాణలోనైతే జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి, లేదా దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి తెలియజేయండి. ఏ కాలువలో ఎంత ఉందో అధికారులకు తెలిసేది మీరు చెబితేనే.